పొత్తికడుపు సి.టి. స్కానులో “వస్తువు” కనిపించినప్పుడు



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుప్రక్కల గ్రామాల నుండి కడుపునొప్పితో వచ్చే స్త్రీలకు డాక్టరు గారు కొన్నిసార్లు పొత్తికడుపు సి.టి. స్కాను వ్రాస్తారు. రిపోర్టులో “గర్భసంచిలో పరికరం ఉన్నది”, “రెండు ప్రక్కల రింగులు ఉన్నవి”, “మూత్రనాళంలో గొట్టం ఉన్నది” వంటి మాటలు కనిపిస్తే ఇంటివారు కంగారు పడతారు. “సిస్టరు గారూ, మా కోడలి కడుపులో ఇదెవరు పెట్టారు?” అని అడుగుతారు. కొందరు ఆపరేషను చేసిన డాక్టరును అనుమానిస్తారు, కొందరు ఆమెనే అనుమానిస్తారు, మరికొందరు బాణామతి అనుకుని మంత్రగాళ్ళ దగ్గరకు వెళతారు.

స్కానులో కనిపించే వస్తువులు చాలా వరకు వైద్యులు కావాలని అమర్చినవే. కొన్ని మాత్రం గడువు దాటి లోపల మిగిలిపోయినవి. చాలా అరుదుగా, అసలు ఉండకూడనివి కూడా ఉంటాయి. ఏది ఏ రకమో తెలిస్తే అనవసరమైన భయం పోతుంది, అవసరమైన చోట ఆలస్యం జరగదు. స్కాను చదివి నిర్ణయించే పని రేడియాలజిస్టుది. సరైన సమాచారం ఇచ్చి ఆయనకు సహాయపడే పని మనది.

1. సి.టి. స్కాను ఎలా చూపిస్తుంది?

సి.టి. స్కాను కూడా ఎక్స్‌రే కిరణాలతోనే పని చేస్తుంది. కిరణాలు శరీరం చుట్టూ తిరిగి, రొట్టెను ముక్కలుగా కోసినట్లు లోపలి భాగాలను పొరలు పొరలుగా చూపిస్తాయి. ఈ యంత్రాన్ని రూపొందించిన ఇంగ్లండు ఇంజనీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్‌కు 1979లో అలన్ కార్మాక్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. స్కానులో తెలుపు, నలుపు కొలిచే కొలతకు ఆయన పేరే పెట్టారు. ఆ కొలతలో నీరు 0, గాలి మైనస్ 1000, క్రొవ్వు సుమారు మైనస్ 100. ఎముక కొన్ని వందల్లో ఉంటుంది. లోహం వేలల్లో ఉంటుంది.

అందుచేత గాలి నల్లగా, ఎముక తెల్లగా కనిపిస్తాయి. లోహం మిరుమిట్లు గొలిపేంత తెల్లగా ఉండి చుట్టూ గీతలు చిమ్ముతుంది. ఆ గీతల వల్ల ప్రక్కనున్న భాగాలు సరిగా కనిపించవు. మామూలు ప్లాస్టిక్కు అంత స్పష్టంగా కనిపించదు. అందుకే లోపల అమర్చే ప్లాస్టిక్ పరికరాల్లో బేరియం సల్ఫేట్ అనే తెల్లని పదార్థం కలుపుతారు, ఎక్స్‌రేలో కనిపించడానికి.

స్కాను మొదలు కాగానే ముందుగా ఒక పొడవాటి చిత్రం తీస్తారు. అది మామూలు ఎక్స్‌రేలాగా ఉంటుంది. వస్తువు పూర్తి ఆకారం తరచుగా ఈ మొదటి చిత్రంలోనే తెలుస్తుంది. పొరల చిత్రాల్లో చిన్న చుక్కల్లాగా ఉన్నది ఇందులో ఇంగ్లీషు “టి” అక్షరంలాగా కనిపిస్తే అది కాపర్-టి అని తెలిసిపోతుంది.

2. ఒంటి మీద ఉండి, లోపల ఉన్నట్లు కనిపించేవి

చీర కుచ్చిళ్ళకు పెట్టిన పిన్నీసు, లంగా హుక్కు, నడుముకు కట్టిన నల్లతాడుకున్న తాయెత్తు, రొంటిన దోపుకున్న తాళంచెవి లేక చిల్లర డబ్బులు, ఇవన్నీ స్కానులో తెల్లగా పడతాయి. పక్క మీద మరచిన సూది మూత, అంటించిన ఇ.సి.జి. బిళ్ళ కూడా అంతే. పొర చిత్రంలో వస్తువు చర్మానికి బయట ఉన్నదా, లోపల ఉన్నదా అన్నది చూస్తే విషయం తేలిపోతుంది. అయినా లోహపు గీతలు అసలు జబ్బును కప్పివేస్తాయి కాబట్టి స్కానుకు ముందే ఇవన్నీ తీసివేయాలి. తాయెత్తు తీయడానికి పెద్దవారు ఇష్టపడకపోతే కోప్పడకండి. స్కాను అయ్యేవరకు మీ చేతిలో పట్టుకుని ఉంటామని చెప్పండి, ఒప్పుకుంటారు.

3. వైద్యులు కావాలని అమర్చినవి

కాపర్-టి: ఇది గర్భసంచి మధ్యలో ఉండవలసిన పరికరం. 380-ఎ రకాన్ని 2002లో జాతీయ కుటుంబ సంక్షేమ కార్యక్రమంలోకి తెచ్చారు. అది 10 సంవత్సరాలు పని చేస్తుంది. 375 రకానికి గడువు 5 సంవత్సరాలు. కాన్పు అయిన 48 గంటల లోపల కూడా దీనిని వేస్తారు. అలా వేసినప్పుడు దారం క్రిందికి కనిపించకపోవచ్చు, అందువలన కొందరు స్త్రీలకు అది లోపల ఉన్న సంగతే గుర్తుండదు. స్కానులో ఇది గర్భసంచి గది మధ్యలో తెల్లగా కనిపించాలి. చేయి గర్భసంచి గోడలో గుచ్చుకున్నా, పరికరం గర్భసంచి బయట ఉన్నా రిపోర్టులో ఆ మాట వ్రాస్తారు. సుమారు వేయి మందిలో ఒకరికి కాపర్-టి గర్భసంచి గోడను దాటి పోవచ్చు. అలా దాటినది ప్రేగుల మీది క్రొవ్వు పొరలో ఉండవచ్చు, మూత్రాశయంలోకి వెళ్ళి రాయి కట్టవచ్చు, ప్రేగును గుచ్చవచ్చు. ఇటువంటి దానిని నొప్పి లేకపోయినా తీయించుకోవాలి.

లూపు: 1965లో మన దేశంలో కుటుంబ నియంత్రణకు లిప్పిస్ లూపు ప్రవేశపెట్టారు. పాములాగా మెలికలు తిరిగిన ప్లాస్టిక్ తీగ అది. ఇప్పుడు ఎవరికీ వేయడం లేదు. చాలా పెద్ద వయసు అవ్వకు స్కానులో మెలికల తీగ కనిపిస్తే, వయసులో ఉన్నప్పుడు లూపు వేయించుకున్నదేమో అడగండి. ముట్లు ఆగిపోయిన తర్వాత లూపు గానీ, కాపర్-టి గానీ లోపల ఉండనవసరం లేదు.

హార్మోను పరికరం: ఇదీ “టి” ఆకారంలోనే ఉంటుంది, కానీ రాగి తీగ ఉండదు. ముట్టు రక్తం ఎక్కువగా పోయేవారికి గర్భసంచి తీసివేసే అవసరం రాకుండా దీనిని వేస్తారు. రాగి లేనందున స్కానులో కాపర్-టి అంత ప్రకాశంగా కనిపించదు.

పిల్లల ఆపరేషను రింగులు: మన రాష్ట్రంలో, తెలంగాణలో కుటుంబ నియంత్రణకు ఎక్కువమంది ఎంచుకునేది స్త్రీల ఆపరేషనే. బొడ్డు దగ్గర చిన్న రంధ్రం చేసి, గొట్టం ద్వారా చూస్తూ చేసే ఆపరేషనులో ఒక్కొక్క గర్భనాళానికి ఒక్కొక్క చిన్న రింగు వేస్తారు. అది సిలికోను రబ్బరుతో చేసినది, సైజు కొద్ది మిల్లీమీటర్లే. స్కానులో గర్భసంచికి రెండు ప్రక్కల రెండు చిన్న తెల్లని వలయాలు కనిపిస్తాయి. అవి జీవితాంతం అక్కడే ఉండవచ్చు. కొన్నిసార్లు ఒక రింగు నాళం నుండి ఊడి పొత్తికడుపులో వేరొక చోట పడి ఉంటుంది. సాధారణంగా దాని వల్ల హాని ఉండదు, తీయవలసిన పని లేదు. కోత పెట్టి దారంతో నాళాలు కట్టిన పాత పద్ధతి ఆపరేషనులో అయితే స్కానులో ఏమీ కనిపించకపోవచ్చు. “రింగులు లేవు, మాకు ఆపరేషనే చేయలేదు” అని తొందరపడి అనుకోకూడదు. ఏ పద్ధతిలో చేసినా, ఆపరేషను తర్వాత ముట్టు తప్పితే వెంటనే గర్భ పరీక్ష చేయించాలి. గర్భం నాళంలో ఉంటే ప్రాణాపాయం.

విదేశాల్లో ఉండి వచ్చిన ఆడపడుచులకు రింగులకు బదులు టైటానియం క్లిప్పులు ఉండవచ్చు. అమెరికాలో కొందరికి ఎష్యూర్ అనే చిన్న స్ప్రింగులు నాళాల్లో పెట్టారు, వాటి అమ్మకం అక్కడ 2018 చివరికి ఆపివేశారు.

గర్భసంచి జారినవారికి పెట్టే రింగు: దీనిని పెసరీ అంటారు. పెద్ద వయసు వలన గానీ, ఇతర జబ్బుల వలన గానీ ఆపరేషను చేయలేని వారికి యోనిలో పెడతారు. స్కానులో పెద్ద గాజులాగా కనిపిస్తుంది. ఇది పెట్టి మరచిపోయే వస్తువు కాదు. డాక్టరు చెప్పిన గడువు ప్రకారం, సాధారణంగా మూడు నాలుగు నెలలకొకసారి, తీసి కడిగి, లోపల పుండ్లు ఉన్నాయేమో చూసి మరల పెట్టాలి. సంవత్సరాల తరబడి వదిలేస్తే దుర్వాసనతో తెల్లబట్ట, రక్తం పడతాయి. రింగు కండలో కూరుకుపోతుంది. మూత్రాశయానికి గానీ మలద్వారానికి గానీ రంధ్రం పడవచ్చు. అత్తమ్మకు ఈ రింగు ఉన్న సంగతి ఇంట్లో కనీసం ఒక్కరికైనా తెలిసి ఉండాలి. ఆమె సిగ్గుపడి చెప్పుకోలేదు.

మూత్రనాళంలో స్టెంటు: మన ప్రాంతంలో ఎండలో నాట్లు, కలుపు పనులు చేసే స్త్రీలు నీరు తక్కువ త్రాగుతారు. నీరు తక్కువైతే కిడ్నీలో రాళ్ళు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. రాయి తీసిన తర్వాత కిడ్నీ నుండి మూత్రాశయం వరకు సన్నని గొట్టం పెడతారు. దాని రెండు చివరలు ఇంగ్లీషు “జె” అక్షరంలా వంగి ఉంటాయి, అందుకే దానిని డి.జె. స్టెంటు అంటారు. స్కానులో ఒక మెలిక కిడ్నీలో, రెండవ మెలిక మూత్రాశయంలో కనిపిస్తుంది. చాలామందికి కొన్ని వారాల్లోనే తీసివేస్తారు. మామూలు రకాన్ని మూడు నెలలు దాటి ఉంచరాదు. నొప్పి తగ్గింది కదా అని తిరిగి వెళ్ళకపోతే గొట్టం మీద రాయి పేరుకుంటుంది, గొట్టం విరుగుతుంది, కిడ్నీ పాడైపోతుంది. ఇంట్లో ఎవరికైనా స్టెంటు పెడితే, తీయించవలసిన తేదీని గోడ క్యాలెండరు మీద వ్రాసి పెట్టండి.

ఇతరములు: మూత్రం గొట్టం చివర నీటితో నిండిన బుడగ మూత్రాశయంలో గుండ్రంగా కనిపిస్తుంది. తలలో నీరు చేరినవారికి పెట్టిన షంటు గొట్టం చివర పొత్తికడుపు వరకు వస్తుంది. హెర్నియాకు వేసిన జాలి, దానిని పట్టి ఉంచే చిన్న పిన్నులు, ప్రేగు కుట్టిన లోహపు కుట్లు, తుంటి ఎముకకు వేసిన రాడ్డు, ఇవన్నీ ఉండవలసినవే. ముట్టు సమయంలో వాడే టాంపాను లోపల గాలి ఉంటుంది కాబట్టి స్కానులో నల్లని బిళ్ళలా కనిపించి, చీము గడ్డేమో అనే అనుమానం కలిగించవచ్చు. టాంపాను గానీ, సిలికోను కప్పు గానీ పెట్టుకుని ఉంటే ముందే చెప్పాలి.

4. ఉండకూడనివి

ఆపరేషను సమయంలో లోపల మిగిలిపోయే వస్తువుల్లో ఎక్కువగా చెప్పుకోవలసినది గాజుగుడ్డ. రక్తంలో తడిసిన గుడ్డ ప్రేగుల మధ్య కలిసిపోయి కంటికి దొరకదు. అందుకే ఆపరేషను గుడ్డల్లో ఎక్స్‌రేకు కనిపించే ప్రత్యేకమైన దారం కలిపి నేస్తారు. స్కానులో ఇది గుండ్రని గడ్డలాగా, లోపల స్పాంజిలో చిక్కుకున్నట్లు చిన్న చిన్న గాలి బుడగలతో, మధ్యలో తెల్లని దారం మెలికతో కనిపిస్తుంది. అయితే రక్తం ఆపడానికి డాక్టర్లు కావాలని లోపల వదిలే, తనంతట తాను కరిగిపోయే మెత్తని పదార్థం కూడా కొత్తలో ఇలాగే గాలి బుడగలతో కనిపిస్తుంది. అందుచేత ఆపరేషను కాగితం చూడకుండా ఎవరూ తీర్పు చెప్పకూడదు.

ఇటువంటివి నిజంగా జరిగినవి. 1963లో మహారాష్ట్రలోని ఔరంగాబాదు ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల ఆపరేషను చేసినప్పుడు ఒక తల్లి కడుపులో గుడ్డ ఉండిపోయి ఆమె మరణించింది. ఆ కేసులో 1996లో సుప్రీంకోర్టు ప్రభుత్వాన్ని బాధ్యురాలిగా నిర్ణయించింది. హైదరాబాదు నిమ్స్‌లో 2018 నవంబరులో హెర్నియా ఆపరేషను అయిన స్త్రీకి నొప్పి తగ్గకపోగా, 2019 ఫిబ్రవరిలో తీసిన ఎక్స్‌రేలో ఫోర్సెప్స్ కనిపించింది. మరల ఆపరేషను చేసి తీశారు. కేరళలోని కోళికోడ్‌లో 2017లో సిజేరియను జరిగిన స్త్రీ కడుపు నుండి 2022లో ఇటువంటి పరికరాన్నే తీశారు. ఐదు సంవత్సరాలు ఆమె నొప్పి భరించింది. పెద్ద ఆసుపత్రి, చిన్న ఆసుపత్రి అనే తేడా ఇందులో లేదు.

దీనిని ఆపడానికి థియేటరులో నర్సులు గుడ్డలు, సూదులు, పరికరాలు లెక్కపెడతారు. కోతకు ముందు ఒకసారి, లోపలి పొర మూసేముందు ఒకసారి, చర్మం కుట్టేముందు ఒకసారి ఇద్దరు కలిసి పైకి చదువుతూ లెక్కిస్తారు. లెక్క తప్పితే వెతుకుతారు, దొరకకపోతే ఎక్స్‌రే తీస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన ఆపరేషను భద్రతా పట్టికలో ఈ లెక్క ఒక ముఖ్యమైన అంశం.

ఆపరేషను తర్వాత తగ్గని నొప్పి, విడవని జ్వరం, కుట్ల నుండి ఆగని చీము, కడుపులో గడ్డ, వాంతులతో కడుపు ఉబ్బరం, ఇవి ఉంటే నెలలు గడిచినా సరే పరీక్ష చేయించండి. “ఆపరేషను అయ్యాక నొప్పులు మామూలే” అని ఆమె మాటను కొట్టివేయకండి.

యోని ఆపరేషను తర్వాత రక్తం ఆగడానికి గాజుగుడ్డ చుట్ట లోపల పెడతారు. సాధారణంగా మరుసటి రోజు తీసివేస్తారు. ఇంటికి వెళ్ళేముందు “లోపలి గుడ్డ తీశారా?” అని అడగడం తప్పు కాదు.

నాటు పద్ధతిలో గర్భం తీయించుకోవడానికి పెట్టిన పుల్ల ముక్క గర్భసంచిలో కనిపించే సందర్భాలు కూడా ఉంటాయి. అప్పుడు ఆమెకు కావలసినది తక్షణ వైద్యం. నిలదీస్తే నిజం దాస్తుంది, నిజం దాస్తే ప్రాణం పోవచ్చు. చిన్న ఆడపిల్లలు ఆటలో పూసలు, గింజలు లోపల పెట్టుకోవచ్చు. దుర్వాసనతో తెల్లబట్ట కనిపిస్తే తీసుకురండి. ఎవరైనా ఆమెకు కీడు చేశారేమో అన్నది కూడా మెల్లగా, ఒంటరిగా అడిగి తెలుసుకోవాలి.

5. వస్తువులు కానివి

తెల్లగా కనిపించినదంతా వస్తువు కాదు. పిరుదుల్లో పాత ఇంజెక్షన్ల చోట గట్టిపడిన మచ్చలు, సిరల్లోని చిన్న సున్నపు చుక్కలు, గట్టిబడిన గర్భసంచి గడ్డలు కూడా తెల్లగానే ఉంటాయి.

ముఖ్యంగా ఒక విషయం. అండాశయంలో వచ్చే డెర్మాయిడ్ అనే గడ్డలో క్రొవ్వు, వెంట్రుకలు, ఒక్కొక్కసారి పళ్ళు కూడా ఉంటాయి. గుడ్డులోని కణాలకు అన్ని రకాల కండను తయారుచేసే శక్తి ఉండడమే దీనికి కారణం. ఇది బాణామతి కాదు, చేతబడి కాదు. పెళ్ళికాని పిల్లలకూ వస్తుంది. దీనికి శీలంతో ఏ సంబంధమూ లేదు. చాలా వరకు క్యాన్సరు కాదు, ఆపరేషనుతో నయమవుతుంది.

6. స్కానుకు ముందు చెప్పవలసినవి

• గర్భం ఉండే అవకాశం ఉన్నదా, చివరి ముట్టు ఎప్పుడు వచ్చింది.
• ఇంతకుముందు జరిగిన ఆపరేషన్లు అన్నీ, ఏ ఊరిలో, ఏ సంవత్సరంలో.
• కాపర్-టి, రింగు, పెసరీ, స్టెంటు, రాడ్డు, జాలి ఏవైనా ఉన్నాయా.
• షుగరు, కిడ్నీ జబ్బు, మందు పడకపోవడం.

ఈ ప్రశ్నలు ఆమెను ఒంటరిగా అడగనివ్వండి. అత్తమామలకు తెలియకుండా కాపర్-టి వేయించుకున్న కోడలు అందరి ముందు నిజం చెప్పలేదు. కాపర్-టి దారం కనిపించనప్పుడు వెంటనే సి.టి. స్కాను అక్కరలేదు. ముందు గర్భ పరీక్ష, తర్వాత అల్ట్రాసౌండ్, అందులో కనిపించకపోతే ఎక్స్‌రే. పరికరం గర్భసంచి బయట ఉందని తెలిసినప్పుడు, అది ప్రేగుకు, మూత్రాశయానికి ఎంత దగ్గరగా ఉందో చూడడానికి సి.టి. ఉపయోగపడుతుంది. మామూలు ఎక్స్‌రే కంటే ఇందులో కిరణాలు ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి డాక్టరు అవసరమన్నప్పుడే తీయించాలి.

7. రిపోర్టు వచ్చిన తర్వాత

రిపోర్టు ఆమెది. వరండాలో నలుగురి ముందు పైకి చదివించకండి. డాక్టరు గారిని నాలుగు ప్రశ్నలు అడగండి: ఈ వస్తువు ఏమిటి? ఉండవలసిన చోటనే ఉన్నదా? తీయాలా, తీస్తే ఎప్పటిలోగా? ఇప్పటి నొప్పికి కారణం ఇదేనా? ఈ నాలుగవ ప్రశ్న చాలా ముఖ్యం. రింగు కనిపించింది కదా అని నొప్పి అంతా దాని మీదికి నెట్టివేస్తే, ప్రక్కనే ఉన్న అపెండిక్స్ వాపు గానీ, అండాశయపు గడ్డ గానీ మరుగున పడిపోతుంది.

మన ప్రాంతపు వారు ఒకసారి సూర్యాపేటలో, ఒకసారి ఖమ్మంలో, ఇంకొకసారి హైదరాబాదులో, గుంటూరులో చూపించుకుంటారు. కాగితాలు అక్కడొకటి ఇక్కడొకటి మిగిలిపోతాయి. డిశ్చార్జి కాగితం, ఆపరేషను వివరాలు, పాత స్కాను ఫిల్ములు ఒకే సంచిలో పెట్టుకోండి. పాత ఫిల్ము ఉంటే ఆ వస్తువు ఎప్పటి నుండి ఉన్నదో డాక్టరు నిమిషంలో చెప్పగలరు. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం రోగి గానీ, ఆమె అధికారం ఇచ్చిన వారు గానీ అడిగితే 72 గంటలలోగా రికార్డులు ఇవ్వాలి. పొరపాటు జరిగిందన్న అనుమానం ఉంటే గొడవకు దిగకముందే ఆ కాగితాలు తీసుకోండి. తీసిన వస్తువు ఏమిటో డిశ్చార్జి కాగితంలో వ్రాయించండి. ముందు ప్రాణం, తర్వాత న్యాయం. రెండింటికీ కాగితమే ఆధారం.

8. తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రశ్న: పిల్లల ఆపరేషను రింగు ఊడి పడి ఉన్నదని వ్రాశారు. మరల గర్భం వస్తుందా?
జవాబు: తప్పక వస్తుందని కాదు. రింగు వేసిన చోట నాళం ఎండి తెగిపోయిన తర్వాత కూడా రింగు జారిపడవచ్చు. కానీ ముట్టు తప్పితే ఆలస్యం చేయకండి.

ప్రశ్న: రింగులు, కాపర్-టి ఉన్నవారు ఎమ్.ఆర్.ఐ. తీయించుకోవచ్చా?
జవాబు: సాధారణంగా తీయించుకోవచ్చు. అయినా ముందుగా చెప్పాలి. ఏ పరికరమో తెలియని లోహం లోపల ఉంటే తేల్చుకోకుండా ఎమ్.ఆర్.ఐ. గదిలోకి వెళ్ళరాదు.

ప్రశ్న: గర్భసంచి తీసివేసిన స్త్రీకి కాపర్-టి కనిపించింది. ఇది ఎలా సాధ్యం?
జవాబు: అది ముందే గర్భసంచి దాటి కడుపులోకి వెళ్ళి ఉండవచ్చు. డాక్టరుకు చూపించి తీయించాలి.

గుర్తుంచుకోండి

• వస్తువు కనిపించగానే ఎవరినీ నిందించకండి, ముందు ఏమిటో తెలుసుకోండి.
• కాపర్-టికి, పెసరీకి, స్టెంటుకు గడువు ఉన్నది. తేదీ వ్రాసి పెట్టుకోండి.
• ఆపరేషను తర్వాత తగ్గని నొప్పిని తేలికగా తీసుకోకండి.
• ఆమె చెప్పే మాట వినండి. స్కాను చూపించలేనిది ఆమె చెప్పగలదు.
• కాగితాల సంచి ఎప్పుడూ వెంట తీసుకురండి.